అవ్వ కడిగిన చక్రాలు

ఆదివారం పొద్దున్నే మా వాకిట్లో ఒక వాసన లేచింది. థిన్నర్ వాసన కాదు, దానికి ముక్కు మూసుకుంటే సరిపోతుంది. ఇది తడిపిన లోహాన్ని గరుకు కాగితంతో రుద్దినప్పుడు వచ్చే వాసన, చెమట చేతిలో చాలాసేపు పట్టుకున్న నాణెం వాసన లాంటిది. మా ఆయన మా పాత కారు అలాయ్ చక్రాలు నాలుగూ విప్పి, కారును ఇటుకల మీద నిలబెట్టి, ఫోన్‌ను పూలకుండీకి ఆనించి పెట్టుకున్నారు. అందులో ఎవరో కుర్రాడు చెబుతుంటే, అయ్యగారి వెనక మంత్రం పలికే యజమానిలాగా ఒక్కొక్క పనీ భక్తిగా చేస్తున్నారు: పొట్టు లేచిన పై పూతను గీకడం, గీతలు పడ్డచోట పుట్టీ పూడ్చడం, తర్వాత ముతక కాగితం, ఆపైన సన్నది, ఇంకా సన్నది. షాపులో ఇస్తే వాళ్లే చేసి ఇస్తారు కదా అన్నాను. ఇంట్లో మన చేత్తో చేసుకుంటే ఆ తృప్తే వేరన్నారు. మన చేత్తో చేసుకోవలసిన పనులు వంటింట్లో ఇంకా చాలా ఉన్నాయని, తృప్తి అక్కడ కూడా పుష్కలంగా దొరుకుతుందని చెప్పాను. వినపడనట్టు రుద్దుతూనే ఉన్నారు. బకెట్లో నీళ్లు మెల్లగా బూడిద రంగుకు తిరిగాయి.

ఆ నీళ్లను చూశాక ఇక వాదించబుద్ధి కాలేదు. నన్ను ఎరిగినవాళ్లకు అది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. గడప మీద కూర్చున్నాను. అలాంటి నీళ్లు నేను ముందే ఒకసారి చూశాను, గోదావరిఖనిలో, మా క్వార్టర్ల లైనులో, ఆరో తరగతి చదువుతున్న ఏడు, దసరాకు ముందు.

మా లైను అంటే ఒకే గోడను పంచుకుంటూ వరసగా నిలబడ్డ రెండేసి గదుల ఇళ్లు. పొద్దున సైరన్ మోగే వేళకు ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల పొయ్యి రాజుకునేది. గని కంపెనీ ఇచ్చే బొగ్గే కాబట్టి ఎవరూ పొదుపు చేసేవాళ్లు కాదు. ఆ పొగ లైను మొత్తాన్నీ కప్పేస్తే అందులోంచి దగ్గులు, గాజుల చప్పుడు, "ఓ లచ్చవ్వా, రెండు నిప్పులియ్యే" అనే కేకలు మాత్రమే బయటికి వచ్చేవి. మేము సిమెంటు గచ్చు మీద బొగ్గుతోనే గీతలు గీసి తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం, బొగ్గుతోనే గోడల మీద ఒకరినొకరం తిట్టుకునేవాళ్లం. వానలు వెనకపట్టి, ఎండ ఇంకా చురుక్కుమంటూనే పొద్దుగూకితే కాస్త చలి పుట్టే ఆ రోజుల్లో ఊళ్ల నుంచి సీతాఫలాల గంపలు వచ్చేవి. పండేదాకా ఆగే ఓపిక ఎవరికి? పచ్చివాటినే పొయ్యిలో నిప్పుల కింద కప్పి, తొక్క నల్లబడ్డాక ఊదుకుంటూ వేళ్లు కాల్చుకుంటూ తినేవాళ్లం. గునుగు పూలను రంగునీళ్లలో ముంచి చూరుకు వేలాడదీస్తే, బతుకమ్మ అయిపోయాక కూడా గోడల మీద ఆ ఎరుపు, ఆ ఊదా చారికలు దిగి ఉండేవి. అప్పుడంతా బాగుండేదని నేను అనను. ఆ పొగ పీల్చి దగ్గినవాళ్లకు తెలుసు ఎంత బాగుండేదో. కానీ కాల్చిన సీతాఫలం మాత్రం బాగుండేది.

మా దగ్గర గనిని బాయి అంటారు. బాపు, అంటే మా నాన్న, బాయిలో ఫిల్లరు. పేల్చిన బొగ్గును పారతో తట్టలోకి ఎత్తి, తట్టను మోసుకెళ్లి పట్టాల మీద నడిచే టబ్బులో గుమ్మరించడం ఆయన పని. షిఫ్టు దిగి ఇంటికి వస్తే కళ్లూ పళ్లూ తప్ప మనిషి కనిపించేవాడు కాదు. ఆ బట్టలను ఉతకడం ఆయన తల్లి పోచవ్వ పని. మేమంతా ఆమెను అవ్వ అనేవాళ్లం. మూడు రాళ్ల పొయ్యి మీద గంగాళం నిండా నీళ్లు పెట్టి, చేరెడు బట్టల సోడా వేసి, నీళ్లు కుతకుతలాడాక బాయి బట్టలను కట్టెతో ముంచి, మీద గోనెసంచి కప్పి రాత్రంతా వదిలేసేది. పొద్దున బండ మీద నాలుగు దెబ్బలు వేస్తే నల్లటి నీళ్లు కాలువ కట్టి, బట్ట బట్టగా బయటపడేది. మొదట తాత బట్టలు, తాత దగ్గుతో పోయాక బాపు బట్టలు, ఆమె జీవితం సగం ఆ గంగాళం పక్కనే గడిచింది. లైనులో ఏ వస్తువు తెల్లగా కనిపించినా "పోచవ్వ ఉడకబెట్టిందా ఏంది" అనేవాళ్లు. "నా సోడాకు పోని నలుపు ఈ గోదారిఖన్ల లేదు" అని ఆమె కూడా అనుకునేది. వినయం మా ఇంట్లో ఎవరికీ అబ్బలేదు, నా పొగరు కూడా ఎక్కడి నుంచో ఊడిపడలేదు.

బాపు తమ్ముడు మా కాక. ఆయన్ను బాయిలో పెట్టించాలని బాపు ఎన్నో గడపలు తొక్కి, బదిలీ ఫిల్లరుగా ఒక అవకాశం పట్టుకొచ్చాడు. పనికి రాని మనిషి స్థానంలో ఆ పూటకు దిగేవాడే బదిలీ ఫిల్లరు. కొన్నేళ్లు అట్లా దిగితే కొలువు ఖాయమవుతుంది. ఆ అవకాశం కోసం కాళ్లు పట్టుకునేవాళ్లున్న ఊరది. కాక ఒకే ఒక్కరోజు దిగాడు. చీకట్లో నడుస్తుంటే పైకప్పు తల మీదికి వంగుతున్నట్టు అనిపించి, ఊపిరాడక, సగం దారి నుంచి వెనక్కి వచ్చేశాడు. లైనంతా నవ్వింది. "మీ కాక నల్లగైతడట గద, పౌడరు రాయుండ్రి" అని ఆడవాళ్లు నన్ను ఏడిపిస్తే, "మీ ఆయనకు రాయుండ్రి ముందు, కనవడుతలేడు" అని నేను తిరిగి అంటించేదాన్ని. బాపు మాత్రం నవ్వలేదు, తమ్ముడితో మాట్లాడటం మానేశాడు. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటూ, "మీ కాకను అడుగు, బువ్వకేం చేస్తడట" అని నాతో అనేవాడు. "బండి నడుపుడు నేర్సుకుంటున్నని చెప్పు మీ బాపుకు" అని కాక. ఆ మాటలను మూరెడు దూరం మోసి, నావి రెండు కలిపి ఇచ్చేదాన్ని.

కాక నిజంగానే డ్రైవింగ్ నేర్చుకున్నాడు. జ్యోతినగర్‌లో కోస్తా వైపు నుంచి వచ్చిన ఇంజనీరు సారు ఒకాయన, పండుగ దాకా చూస్తాను, నచ్చితే ఉంచుకుంటాను అని పనిలో పెట్టుకున్నాడు. బాపు నా ద్వారానే తీర్పు చెప్పాడు: "పండుగ దాటినంక ఆ కొలువు నిలిస్తె సరే. లేకుంటె మారుమాట లేకుండ బాయిల దిగాలె." కాక సరేనని చెప్పమన్నాడు. ఆ వారమంతా మా ఇంట్లో ఐదుగురం ఐదు వైపులా చూస్తూ అన్నం తిన్నాం.

సద్దుల బతుకమ్మకు ముందు సారు, మేడం పిల్లాడిని తీసుకుని రైల్లో వాళ్ల ఊరు వెళ్లారు. వెళ్తూ కారును కాకకు అప్పగించి, శుభ్రంగా కడిగి దసరా నాడు పూజ చేయించమని, తాము తిరిగి వచ్చే పొద్దున రామగుండం స్టేషనుకు తీసుకురమ్మని చెప్పారు. చక్రాలు మాత్రం జాగ్రత్త, బొంబాయి నుంచి తెప్పించినవి అని ఒకటికి రెండుసార్లు చెప్పారట. కాక ఆ తెల్లటి చిన్న కారును తెచ్చి మా గుమ్మం ముందు నిలిపితే లైను లైనంతా బయటికి వచ్చింది. మేము కారును చూడలేదు, చక్రాలను చూశాం. అంతకుముందు చూసిన కార్ల చక్రాలన్నీ నల్ల ఇనుముకు గిన్నె బోర్లించినట్టుండేవి. ఇవి వెండిలాగా మెరుస్తూ, ఐదు రేకుల పువ్వులాగా విచ్చుకుని ఉన్నాయి. వంగి చూస్తే మా మొహాలు సాగి, పళ్లు ఇంతింత పొడవయ్యి కనిపించాయి. కాక ఎవరినీ ముట్టనివ్వలేదు.

సద్దుల నాటి సాయంత్రం అమ్మా నేనూ బతుకమ్మను ఎత్తుకుని వెళ్లాం. కాక ముందు నడిచాడు, బాపు నైట్ షిఫ్టుకు పోయాడు. ఇంటి దగ్గర అవ్వ ఒక్కతే మిగిలింది. ముందరి రెండు చక్రాల రేకుల సందుల్లో బ్రేకుల మసి, తారు మరకలు నల్లగా పట్టుకుని ఉండటం ఆమె అప్పటికే కనిపెట్టింది. కాక తడిగుడ్డతో ఎంత తుడిచినా అవి వదల్లేదు. కొడుకు కొలువు ఆ చక్రాల మీద నిలబడి ఉందని ఆమెకు తెలుసు. తన చేతిలో ఉన్న విద్య ఒక్కటే. గంగాళం పొయ్యి మీదికి ఎక్కించింది, సోడా మామూలుకంటే ఎక్కువే వేసింది, గోనెపట్టాలు ఆ మరిగే నీళ్లలో ముంచి చక్రాలకు చుట్టింది. తెల్లారేదాకా నాననిచ్చింది. మేము వచ్చి చూస్తే, "దిష్టి తగలకుండ కప్పిన" అంటే నమ్మి పడుకున్నాం.

పొద్దున గోనెలు తీశాక చూస్తే ఆ చక్రాలు చచ్చిపోయినట్టున్నాయి. మెరుపు లేదు. బొగ్గు రంగు ఒకచోట, బూజు పట్టిన తెలుపు ఒకచోట, మధ్యలో బొల్లి మచ్చలు. అవ్వ ఇంకా మురికే మిగిలిందనుకుని కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దుతోంది. ఎంత రుద్దితే అంత నలుపు.

అమ్మ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. మా దగ్గర అల్యూమినియాన్ని సిల్వర్ అంటారు. "అయ్యో అత్తా! గిది సిల్వర్ గిన్నె అసొంటిదే గద! సోడా ఏస్తె సిల్వర్ గిన్నె నల్లగయితదని నాకు జెప్పింది నువ్వే గద!"

"సిల్వరని నాకేమెరుక!" అంది అవ్వ, పీచు ఆపకుండానే. "చక్రమంటె ఇనుపది. బండి కట్టు ఇనుపది, సైకిలు రిమ్ము ఇనుపది. గిన్నెల సిల్వరు తీస్కవోయి చక్రాలు చేస్తరా ఎవలన్న, సోయి లేకుండ?"

ఆ వాదన ఇప్పటికీ నాకు సబబుగానే అనిపిస్తుంది. కానీ సబబైన వాదన నలుపును పోగొట్టదు. పక్కింటి లచ్చవ్వ బిందె చంకన పెట్టుకుని ఆగింది. "ఏందే పోచవ్వా, చక్రాలు గూడ నైట్ షిఫ్టుకు పోయొచ్చినయా?" నలుగురు నవ్వారు. మరో పూటయితే అవ్వ ఆ మాటకు మూడు మాటలు కలిపి ఇచ్చేది. ఇప్పుడు ఇంకా కిందికి వంగి రుద్దింది. అప్పుడు నాకు భయమేసింది.

కాక కేకలు వేస్తాడనుకున్నాం. వేయలేదు. చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. లేచి, "పోనియ్యి అవ్వా. బాయిలనే దిగుత తియ్యి" అన్నాడు. ఆ మాటకు అవ్వ పీచు పక్కన పెట్టింది. ఉదయపు ఎండలో కారు పక్కన నిలబడి ఉన్న కాకకు అప్పుడే ఊపిరాడనట్టు ఛాతీ లేచి పడటం నేను చూశాను.

సరిగ్గా అప్పుడే బాపు షిఫ్టు దిగి వచ్చాడు, నల్లగా, నెత్తిన టోపీ తీయకుండా. ఎవరూ చెప్పవలసిన పని లేదు. చక్రాలే చెబుతున్నాయి. ఆయన గెలిచాడు. ఆరు నెలలుగా ఆయన కోరుకుంటున్నది ఆయన చేయి ఎత్తకుండానే జరిగిపోయింది. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వేలితో చక్రం మీద గీసి, ఆ వేలిని చూసుకున్నాడు. నలుపు మీద నలుపు ఏం కనిపిస్తుంది?

"మీ కాకను అడుగు," అన్నాడు నాతో, "ఈ చక్రం ఊడదీసుడు వస్తదా రాదా?"

కాక చేయి చాపితే తగిలేంత దూరంలో ఉన్నాడు. "వస్తదని చెప్పు," అన్నాడు.

"వస్తదట," అన్నాను.

"మరి ఏం జూస్తున్నడు? జల్ది తియ్యమను."

అమ్మ ముందు స్నానం చేయమని అరిచింది. "నలుపు మీద నలుపు రాస్తవా ఏంది!" ఆయన మోచేతుల దాకా కడుక్కుని అట్లాగే కూర్చున్నాడు. కాక సైకిలు మీద పోయి కార్ల షెడ్డు నుంచి ముతకవీ సన్నవీ గరుకు కాగితాలు తెచ్చాడు. ఏది ముందు వాడాలో, పొడిగా రుద్దాలో తడిపి రుద్దాలో మాలో ఎవరికీ తెలియదు. అమ్మ అన్నం గిన్నె సిల్వర్ మూతను తెచ్చి ముందు పెట్టింది. దాని మీద సోడా పోసి నల్లగా చేసి, ఒక మూల పొడిగా, ఒక మూల తడిగా రుద్ది చూశారు. చింతపండు వేస్తే ఇత్తడికి మెరుపు వస్తుంది కాబట్టి దీనికీ వస్తుందని లచ్చవ్వ, పులుపూ వద్దు సోడా వద్దు అని అమ్మ, గుండ్రంగా రుద్దాలని నేను, ఒకే దిక్కు రుద్దాలని బాపు. పొద్దున నవ్విన వాళ్లంతా ఇప్పుడు తలా ఒక సలహా పట్టుకుని మా గుమ్మం ముందే బైఠాయించారు. చివరికి ముతక కాగితాన్ని నీళ్లలో తడిపి ఒకే దిక్కు రుద్దితే నలుపు దిగింది. గీతలు పడ్డాయి. సన్నదానితో రుద్దితే గీతలు సన్నబడ్డాయి. నేను ఓడిపోయానని ఒప్పుకోలేదు, ఊరుకున్నాను.

బొగ్గు ఎత్తే చేతులకు ఆ పని లెక్కలోది కాదు. బాపు చక్రాన్ని ఒళ్లో పసిపిల్లలాగా పెట్టుకుని, రేకు తర్వాత రేకు, వేలు దూరే సందుల్లో కూడా కాగితం మడిచి పెట్టి రుద్దాడు. పక్కన గిన్నెలో నీళ్లు బూడిద రంగుకు తిరిగాయి. ఆ వాసన లైనంతా పరుచుకుంది. నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషి ఆ పగలంతా పడుకోలేదు. అవ్వను ఎవరూ ఏమీ అనకపోయినా గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆఖరి మెరుపు కోసం అమ్మకు పొయ్యి బూడిద కావలసి వచ్చింది, రాయి రప్ప లేకుండా, పిండిలాగా. "అత్తా, నీ అంత సన్నగ మాకు జల్లెడవట్టరాదు" అని తాత పాత పంచె ముక్కను ఆమె ఒళ్లో వేసింది. అవ్వ కాసేపు ఆ పంచెను చూసి, ఇటు తిరిగింది. ఆమె జల్లించిన బూడిదలో రెండు చుక్కల కిరసనాయిలు కలిపి పాత బనీను ముక్కతో తిప్పితే, మసక అద్దంలాగా ముందు ఆకారం, తర్వాత కళ్లు, తర్వాత మొహం కనిపించాయి.

రెండో చక్రం మీద ఉన్నప్పుడు కాక ఉండబట్టలేకపోయాడు. నన్ను మధ్యలో పెట్టుకోవడం మరిచిపోయాడు. "అన్నా, నన్ను బాయిల దిగుమని సంపినోడివి నువ్వే గద. మల్ల గిదెందుకు?"

బాపు తల ఎత్తలేదు. "అవ్వకు నా ఒక్కని బట్టలు ఉడకబెట్టుడే సాలు," అన్నాడు. తర్వాత, అంత మాట నోరు జారిందని తన మీద తనకే కోపం వచ్చినట్టు, "రుద్దు రుద్దు, ముచ్చట్లు తర్వాత," అని గదమాయించాడు.

దసరా నాడు కారుకు బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, జమ్మి ఆకు చేతుల్లో పెట్టుకుని అలయ్ బలయ్ అంటూ ఒకరినొకరం కౌగిలించుకున్నాం. అప్పుడు చూసుకున్నాం, కొత్త చిక్కు. మేము రుద్దిన ముందు చక్రాలు ధగధగలాడుతుంటే, వాటి పక్కన ఎవరూ ముట్టని వెనక చక్రాలు రెండూ మాసిపోయినట్టున్నాయి. దాచడానికి లేదు. అయినా దాచే మనిషి కాదు అవ్వ. మరునాడు పొద్దున కాక స్టేషనుకు బయలుదేరుతుంటే ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. వద్దంటే వినలేదు. ఆమెను పట్టుకునే మిషతో నేనూ ఎక్కాను.

సారు రైలు దిగి బయటికి వచ్చి, పెట్టెలు కారులో పెట్టకముందే చక్రాలు చూశాడు. అవ్వ ముందుకు వచ్చింది. "సారూ, నేను కడిగిన. సోడా నేనే ఏసిన. నా కొడుక్కు ఎరుకనే లేదు. తిడితె నన్ను తిట్టు, ఫికర్ లేదు, మస్తు మంది తిట్టిండ్రు."

సారు వంగి చేత్తో తడిమాడు. ఆయన మొహంలో దయలాంటిది ఏమీ లేదు, చిరాకే ఉంది. "పైన పూత మొత్తం పోయిందమ్మా. ఇప్పుడు మెరుస్తాయి, నెల తిరిగేసరికి మళ్లీ నల్లబడతాయి. అప్పుడేం చేస్తారు?"

మేడం నిద్రమొహం పిల్లాడిని భుజాన వేసుకుని నిలబడి ఉంది. "అప్పుడు మళ్లీ రుద్దుతారు. చెప్పకుండా దాస్తే ఏం చేసేవారు? ముందు ఇంటికి పదండి, వీడు బరువుగా ఉన్నాడు," అంది సారుతో.

"నెలనెలా రుద్దాలయ్యా," అన్నాడు సారు కాకతో.

"రుద్దుతం సారూ," అన్నాడు కాక. ఆ 'తం'లో ఉన్న రెండో మనిషి ఇంట్లో నైట్ షిఫ్టు నిద్ర పోతున్నాడు.

సారు బదిలీ అయ్యేదాకా ప్రతి నెలా ఒక ఆదివారం ఆ కారు మా లైనుకు వచ్చేది. అన్నదమ్ములిద్దరూ చెరొక చక్రం ఒళ్లో పెట్టుకుని ఎదురెదురుగా కూర్చుని రుద్దేవాళ్లు. లోకంలోని ముచ్చట్లన్నీ అప్పుడే. నాకు మధ్యలో పని లేకుండా పోయింది.

ఇప్పుడు ఆ లైను లేదు. బాపు దిగిన బాయి మూతపడింది. లైనున్న చోటును పైనుంచి తవ్వుకుపోయే ఓపెన్ కాస్టు గని మింగేసింది, ఎక్కడ మా గుమ్మమో చూపించడానికి నేల కూడా మిగల్లేదు. తట్టా పారా పోయి యంత్రాలు వచ్చాయి. ఏ కొలువు కోసం అన్న తమ్ముడితో మాట్లాడటం మానేశాడో ఆ కొలువే ఇప్పుడు లేదు. ఇంటి ముందు బొగ్గుల పొయ్యిలు లేవు, బాయి బట్టలు ఉడికే గంగాళాలు లేవు, వాటి మీద నాకు బెంగ కూడా లేదు. అవ్వ పోయింది, ఆమె తర్వాత చాలా ఏళ్లకు బాపు పోయాడు.

ఈ ఆదివారం మధ్యాహ్నానికి కాక మంచిర్యాల నుంచి వచ్చాడు, మమ్మల్ని చూసిపోదామని. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి, నాలుగు చక్రాలు చూసేసరికి ఆగలేకపోయాడు. "అల్లుడా, ఒక దిక్కే రుద్దాలె," అంటూ అంగీ విప్పి దండెం మీద వేసి, మా ఆయన ఎదురుగా, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

బాపు వీపు నాకు తెలుసు. బాయిలో బొగ్గు గీరుకుంటే గాయం మానినా పొడి లోపలే ఉండిపోతుంది, నీలం గీతలుగా. చివరి స్నానం చేయించినప్పుడు కూడా అవి పోలేదు, ఏ సబ్బుకూ పోవు. మెడ దగ్గర ఒకటి, వెన్ను పొడుగునా చిన్నచిన్నవి, నడుము దగ్గర జానెడు గీత ఒకటి.

కాక వంగి రుద్దుతున్నాడు. చర్మం వదులైంది, మెడ వెనక ఎండకు కమిలింది, చెమట కారుతోంది. ఆ వీపు మీద ఒక్క నీలం గీత లేదు.